టకటక వేరు, కిర్రు వేరు

పల్లెవెలుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికినవాళ్లందరికీ ఒక విద్య తెలుసు. టికెట్‌ని నాలుగు మడతలు పెట్టి అద్దానికీ ఫ్రేముకీ మధ్య దూర్చడం. టకటక ఆగిపోతుంది. రెండు నిమిషాల తర్వాత వెనక సీటు అద్దం మొదలెడుతుంది.

నా కారుకి నేనూ అదే చేశాను. కాకపోతే టికెట్ బదులు ఫోమ్ టేపు.

నేనుండేది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో. కోడ్ రాసుకునే ఉద్యోగం. రెండేళ్ల కిందట ఒక పాత మాజ్దా మియాటా కొన్నాను, 1994 మోడల్. ఇండియాలో దీన్ని అమ్మలేదు కాబట్టి మీలో చాలామంది చూసి ఉండరు. బుల్లి కారు. రెండే సీట్లు, మడిచి వెనక్కి పడేసే గుడ్డ టాపు, బటన్ నొక్కితే కప్ప కళ్లలా పైకి లేచే హెడ్‌లైట్లు. 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు. 2016కల్లా పది లక్షల కార్లు తయారయ్యాయి. అంటే నాలాంటి పిచ్చోళ్లు ప్రపంచంలో చాలామందే ఉన్నారన్నమాట.

కొన్న రోజు ఇంటికి ఫోన్ చేశాను. "రెండే సీట్లా?" అన్నారు నాన్న. తర్వాత "సరే, అమ్మకిస్తున్నా" అన్నారు. అంతే. ఊళ్లో ఇంటి లోన్ ఇంకా తీరలేదు, వీడికి షోకులేంటి అనుకున్నారని నాకు అర్థమైంది. ఆ తర్వాత రెండేళ్లూ ఫోన్‌లో అదే వరస. "ఆ... సరే... అమ్మకిస్తున్నా." కోపం అన్నమాట అనుకుని నేనూ ఆయనతో మాట్లాడటం తగ్గించేశాను.

ఇక టాపు సంగతి. నా మోడల్ గుడ్డ టాపుకి వెనక కిటికీ ప్లాస్టిక్‌ది. మిషిగన్ చలికి అది బిగుసుకుపోయి మడిస్తే పగులుతుంది. అందుకని చలికాలం కోసం విడిగా బిగించుకునే గట్టి టాపు ఒకటుంటుంది, వెనక నిజమైన అద్దంతో. 1990 నుంచి 2005 దాకా వచ్చిన మియాటాలన్నిటికీ ఒకే టాపు సరిపోతుంది. అందుకే పాతదానికీ గిరాకీ. నేను ఒహాయో వెళ్లి సెకండ్ హ్యాండ్‌ది తెచ్చుకున్నాను. ఎంతకో చెప్పను, అమ్మ ఇది చదువుతుంది.

బరువు ఇరవై కిలోలు. బియ్యం బస్తా కంటే తేలికే, కానీ పట్టుకోవడానికి చెవులుండవు, ఇద్దరు కావాలి. ముందు అద్దం పైన రెండు లాచ్‌లు, పక్కలకి ఒక్కోటి, వెనక రెండు. పక్క లాచ్‌లు పట్టుకునే ప్లేట్లు నా కారుకి లేవు. అవి విడిగా కొని నేనే బిగించాను. ఈ "నేనే బిగించాను" అన్నమాట గుర్తుపెట్టుకోండి.

ఇక్కడి హైవేల్లో చాలాచోట్ల సిమెంట్ పలకల రోడ్డే. అతుకు వచ్చినప్పుడల్లా తల మీద టకటక. మలుపు తిరిగితే కిర్రు. ముందు అద్దం దగ్గర్నుంచి వస్తోందని అక్కడ ఫోమ్ అంటించాను. పక్కకి వెళ్లింది. పక్కన అంటించాను. వెనక్కి వెళ్లింది. రబ్బర్ల మీద గ్యారేజీలో ఉన్న ఏదో స్ప్రే కొట్టాను. రెండు రోజులు ఊరుకుని మూడోరోజు ఇంకా గట్టిగా అరిచింది. చివరికి పాటల సౌండు పెంచేశాను. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని "నోన్ ఇష్యూ" అంటాం.

అక్టోబర్‌లో అమ్మానాన్న వచ్చారు. కారు చూసి అమ్మ అన్న మొదటి మాట: "మరి నన్నెక్కడ కూర్చోబెడతావురా, డిక్కీలోనా?" ముగ్గురం తిరగడానికి అద్దె కారు తీసుకున్నాను. మియాటాలో నాన్నని ఒక్కరినే ఎక్కించుకున్నాను. రేటు అడుగుతారేమో, లోన్ గురించి ఎత్తుతారేమో అని కడుపులో తిప్పుతోంది. ఆయనేం మాట్లాడలేదు. చెయ్యెత్తి అరచేతిని టాపుకి ఆనించి కూర్చున్నారు. రెండు మైళ్లు వెళ్లాక, "నీ వైపు పక్కన లూజుంది" అన్నారు.

"కాదు నాన్నా, శబ్దం ముందు నుంచి కదా వస్తోంది!"

"వినిపించే చోటు వేరురా, పుట్టే చోటు వేరు."

నాన్న బస్సు డిపోలో బాడీ సెక్షన్ మెకానిక్‌గా రిటైరయ్యారు. రేకులు, సీట్లు, కిటికీలు, రివెట్లు. నేను ఇంజనీరింగ్ చదివింది ఆ రివెట్ల మీదే. అయినా నా కారు గురించి ఆయన్ని ఒక్క ముక్క అడగాలని నాకెప్పుడూ తోచలేదు.

శనివారం అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పని మొదలెట్టాం. నాన్న ముందు నా ఫోమంతా పీకేయించారు. "ముందు నీ మందులన్నీ తియ్. అప్పుడు గానీ రోగం కనపడదు." తర్వాత సరుకుల బిల్లుని పేలికలుగా చింపి, రబ్బరుకీ బాడీకీ మధ్య ఒక్కోచోట పెట్టి, టాపు బిగించి, లాగి చూశారు. బిగుతుగా వస్తే రబ్బరు ఆనుతున్నట్టు, జారిపోతూ వస్తే ఖాళీ ఉన్నట్టు. ఎడం పక్క కాగితం దానంతటదే కింద పడింది. అనుమానం తీరక అమ్మ పౌడర్ డబ్బా తెప్పించి రబ్బరంతా అద్ది, టాపు పెట్టి తీశారు. బాడీ మీద తెల్లటి గీత. ఎడం పక్క జానెడు మేర గీతే లేదు.

అక్కడి ప్లేటు బోల్టుకి స్పానర్ వేస్తే దాదాపు ఒక చుట్టు తిరిగింది. అవును, నేనే బిగించాను.

ఇంకో తప్పు కూడా దొరికింది. నేను ముందు లాచ్‌లు పూర్తిగా బిగించేసి తర్వాత పక్కలవి లాగేవాణ్ణి. టాపు వంకరగానే ఇరుక్కునేది. అన్నీ వదులుగా తగిలించి, టాపు కుదురుకున్నాక, చక్రం నట్లలా ఒక్కోదాన్నీ కొంచెం కొంచెం బిగించాలట. పైకప్పు లేని కారు బాడీ గుంతల్లో కాస్త మెలి తిరుగుతుంది. మీద కూర్చున్న టాపు తిరగదు. గొడవంతా ఆ రెండింటి మధ్యే. "టకటకంటే ఖాళీ, బిగించాలి. కిర్రంటే రాపిడి, జారనివ్వాలి. నువ్వు రెండిటికీ ఒకటే మందు వేశావు."

టకటక పోయింది. నిజంగా పోయింది. ఇక మిగిలింది కిర్రు. పార్కింగ్‌లో చిన్నగా చక్కర్లు కొడుతూ, "అదిగో, విన్నారా?" అన్నాను.

"ఏదీ?"

"ఇప్పుడు... ఇదిగో!"

నాన్న తల ఊపారు. విన్నట్టు కాదు, నన్ను నొప్పించకూడదన్నట్టు.

బండి ఆపాను. ఫోన్‌లో టోన్ వినిపించే యాప్ ఒకటుంది. వెయ్యి హెర్ట్జ్ పెట్టాను, వేలెత్తారు. రెండు వేలు, కాస్త ఆగి ఎత్తారు. నాలుగు వేలు పెట్టాను. నాకు చెవిలో సూది గుచ్చినట్టుంది. ఆయన నా మొహం చూస్తూ, "పెట్టావా?" అన్నారు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. ఏళ్ల తరబడి పెద్ద శబ్దాల్లో పనిచేసినవాళ్లకి ముందు పోయేది మూడు వేల నుంచి ఆరు వేల హెర్ట్జ్ మధ్య వినికిడి. స, శ లాంటి అక్షరాల పదును ఉండేది అటువైపే. గొంతు వినిపిస్తుంది, మాట విడిపడదు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి నెట్టుకొస్తారు. ఫోన్‌లో పెదాలుండవు.

"ఆ... సరే... అమ్మకిస్తున్నా."

పొద్దున్న కాఫీ దగ్గర అడిగాను. "డిపోలో చెవులకి ఏమీ ఇచ్చేవారు కాదా నాన్నా?"

"దూది పెట్టుకునేవాళ్లం, గుర్తుంటే."

"మరి నాకు చెప్పొచ్చు కదా, ఫోన్‌లో మాట తెలియట్లేదని!"

"నీ గొంతు వినపడుతుంది కదరా. బాగున్నావో లేదో దాంతోనే తెలిసిపోతుంది. మిగతాది అమ్మ చెబుతుంది."

అమ్మ వంటింట్లోంచి, "ఆ టీవీ సౌండు చూస్తే తెలీదూ?" అంది. అందరికీ తెలుసు, నాకు తప్ప.

కిర్రుని ఇద్దరం కలిసి పట్టుకున్నాం. నేను నడుపుతూ "ఇప్పుడు" అనడం, ఆయన వేళ్లతో రబ్బరు తడుముతూ పోవడం. కుడి కిటికీ పైఅంచు రబ్బరు వణికింది. పట్టుకోవడం, జారడం, మళ్లీ పట్టుకోవడం, కిర్రంటే అంతే. నాన్న మొదట పౌడరే రాశారు. బ్రహ్మాండంగా పనిచేసింది, వాన పడేదాకా. తర్వాత ముద్దయింది. ఈసారి నా మాట నెగ్గింది. సిలికాన్ గ్రీజు పల్చగా రాసి, కాసేపు ఉంచి తుడిచాం. నేను అంతకుముందు కొట్టిన స్ప్రే పెట్రోలియంది, అలాంటివి రబ్బరుని ఉబ్బిస్తాయి. "రబ్బరుకి ఆయిల్ తగలనిస్తే మా ఫోర్‌మన్ తిట్టేవాడు" అన్నారు నాన్న.

మొత్తం పోయిందని చెప్పను. బాగా చలి ఉన్న పొద్దుల్లో రబ్బరు బిగుసుకుని, హీటర్ వేడెక్కేదాకా సన్నగా గొణుగుతుంది.

మార్చిలో వాళ్లు వెళ్లిపోయారు. విజయవాడలో టెస్టు చేయించి చెవి మెషిన్ పెట్టించాం. నాలుగు రోజులు అలిగారు. పెట్టుకున్నాక చేసిన మొదటి పని, "ఈ ఫ్యాను ఇన్నాళ్లూ ఇంత చప్పుడు చేసేదా?" అని స్టూలెక్కడం. నేనిప్పుడు వీడియో కాలే చేస్తున్నాను. నా మొహానికి వెలుతురు పడేలా కూర్చుంటాను. అమ్మ ఫోన్ కోసం పక్కనే నిలబడి విసుక్కుంటుంది.

పోయిన ఆదివారం కారులో ఉండగా చేశాను. ఫోన్ స్టాండులో పెట్టి, పార్కింగ్‌లో మెల్లగా ఒక చుట్టు తిప్పమన్నారు. తిప్పాను. మెషిన్ ఉన్న చెవిని స్క్రీనుకి ఆనించి విన్నారు. నాకు చెవీ, తెల్ల వెంట్రుకలూ మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఏం వినపడట్లేదురా."

"ఇవాళ రావట్లేదు నాన్నా, ఎండగా ఉంది."

"సరే. వచ్చినరోజు ఫోన్ చెయ్."