ఊరికే వచ్చిన ఉపకారం

ఊరికే వచ్చే వస్తువంటే మన మధ్యతరగతి వాళ్ళకి ఎప్పుడూ రెండు మనసులు. ఒక మనసు “తీసుకో” అంటుంది. రెండోది “ఇందులో ఏదో మెలిక వుండే వుంటుంది” అంటుంది. సబ్బు కొంటే దువ్వెన ఊరికే ఇచ్చినా, ఆ దువ్వెన ఖరీదు సబ్బులో ఎక్కడ కలిపాడో ఆరా తీస్తాం. అందుకే, మంచి మంచి కంప్యూటరు ప్రోగ్రాములు ఊరికే ఇచ్చేవాళ్ళున్నారని చెబితే మావారు నవ్వేశారు. “వాళ్ళకి పనీ పాటా లేదా?” అన్నారు.

పనీ పాటా వున్నవాళ్ళేనండీ! వాళ్ళు చేసిన ఉపకారం ఎంతటిదో మా ఇంటి మట్టుకు నేను చెప్పగలను.

మా డెస్క్‌టాప్ కంప్యూటరు వయసు పన్నెండేళ్ళు. పొద్దున్నే స్విచ్చి వేసి, కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి వస్తే అప్పటికి నిద్ర లేచేది. రిపేరు షాపులో చూపిస్తే, “దీనికి ఆయుష్షు తీరిందమ్మా, కొత్తది తీసుకోండి” అన్నారు. కొత్తది కొనుక్కోలేక కాదు గాని, ఆ పాతదాని కడుపులో మా నాన్నగారి ఇరవయ్యేళ్ళ శ్రమ వుంది.

నాన్నగారు నల్లగొండ జిల్లాలో తెలుగు పండితుడిగా పనిచేశారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసింది. ఆ పుస్తకం చేతికందిన నాటినుంచి ఆయనకి అదే ధ్యాస. సెలవులొస్తే చాలు, రైతుల వెంట పడి మేడి, నొగ, గొర్రు, గుంటక, మోట అంటూ మాటలన్నీ నోటుపుస్తకాల్లోకి ఎక్కించేవారు. రిటైరయ్యాక, 2004లో, చిక్కడపల్లిలో ఒక డి.టి.పి. దుకాణంలో కూర్చుని అంతా కంపోజు చేయించారు. అచ్చు వేయించడం మాత్రం ఆయన బతికుండగా పడలేదు. ట్రాక్టర్లు వచ్చాక ఆ పనిముట్లూ పోయాయి, వాటి పేర్లు పలికే నోళ్ళూ తగ్గిపోయాయి.

ఫైలు మిగిలింది. తెరిస్తే ఏముంది? ఒక్క తెలుగు అక్షరం లేదు. తోకలున్న ఇంగ్లీషు అక్షరాలు, టోపీలున్న ఇంగ్లీషు అక్షరాలు! వెనకటి డి.టి.పి. ఫాంట్ల పద్ధతి అది. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్ళలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టేవారు. ఆ ఫాంటు వున్నంతసేపూ కంటికి తెలుగే. అది లేనినాడు బొమ్మలు ఎగిరిపోయి గళ్ళు మిగులుతాయి. 1991లో వెలువడిన యూనికోడు ఈ అవస్థ తప్పించడానికి దారి చూపింది. అందులో తెలుగు లిపికంటూ 128 గళ్ళు విడిగా వున్నాయి. “క” అంటే ఏ దేశంలో, ఏ యంత్రంలోనైనా 3093వ సంఖ్యే. కాని అంతకు ముందు పద్ధతిలో రాసుకున్నవాటి గతి ఏమిటి?

మా గాంధీనగర్ నుంచి అశోక్‌నగర్ దాకా ఏ మేడ మీద చూసినా పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలే. మా మేడమీద గదిలో వున్న కుర్రాడూ అలాంటివాడే. పగలంతా చిక్కడపల్లి గ్రంథాలయంలో వుంటాడు. ఒకనాడు అద్దె ఇవ్వడానికి వచ్చి, నా అవస్థ చూసి, “మేడమ్, యంత్రం పారేయకండి, ఆదివారం నాకివ్వండి” అన్నాడు.

ముందు ఫైళ్ళన్నీ విడిగా ఒక డిస్కులోకి ఎత్తి భద్రం చేశాడు. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్.ఎస్.డి. పెట్టాడు. మేము డబ్బు పెట్టింది దానికొక్కదానికే. దానిమీద లినక్స్ మింట్‌లో పాత యంత్రాలకు సరిపడే తేలిక రకం ఎక్కించాడు. లినక్స్‌కు 1991లోనే ఫిన్లాండులో ఇరవై ఒక్కేళ్ళ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ శ్రీకారం చుట్టాడు. తను రాసింది దాచుకోకుండా నలుగురి ముందూ పెడితే, తలా ఒక చెయ్యీ వేసి పెంచారు. ఇప్పుడు మా కంప్యూటరు పాలు పొంగేలోగా లేచి కూర్చుంటోంది. ఉత్తరాలకీ ప్రశ్నపత్రాలకీ లిబ్రెఆఫీస్. మామగారి షష్టిపూర్తి వీడియో దేనిలోనూ తెరుచుకునేది కాదు. ప్యారిస్ కాలేజీ విద్యార్థులు మొదలుపెట్టిన వి.ఎల్.సి.లో నిక్షేపంగా ఆడింది.

ఇక నాన్నగారి ఫైలు. పాత ఫాంట్ల రాతను యూనికోడులోకి మార్చే చిన్న ప్రోగ్రాములు కూడా ఊరికే దొరుకుతాయట. ఒకటి తెచ్చి నడిపించాడు. ఉన్నట్టుండి తెరమీద “కాడి” అన్న మాట, పక్కన నాన్నగారి వివరణ! నాకు కాసేపు మాట రాలేదు. ఫైల్లో లేకుండా కాగితం మీదే మిగిలిన పాతిక పేజీలను స్కాను చేసి, టెసరాక్ట్ అనే ప్రోగ్రాముకిచ్చాం. అది బొమ్మలోని అక్షరాలను చదువుతుంది. హ్యూలెట్ ప్యాకార్డ్ ప్రయోగశాలల్లో పుట్టి, 2005లో అందరికీ విడుదలైంది. తెలుగూ చదువుతుంది గాని, కొత్తగా బడిలో చేరిన పిల్లాడిలా “ప”ను “వ” అంటుంది, వత్తులు ఎగరగొడుతుంది. అవన్నీ దిద్దడానికి నాకు వేసవి సెలవులు పట్టాయి. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఇంత సంతోషం ఎన్నడూ లేదు!

ఊరికే ఇచ్చేవన్నీ ఇలాంటివేనని మాత్రం అనుకోకండి. “మీ కంప్యూటరులో వందల దోషాలున్నాయి, ఇక్కడ నొక్కండి” అని వెంటపడేది చాలావరకు ఉపకారం కాదు, ఎర. తయారుచేసినవారి సొంత సైటునుంచే తెచ్చుకోవాలి. ఏ మార్పుకైనా ముందు ఫైళ్ళకు ఇంకో ప్రతి తీసి దాచుకోవాలి. లినక్స్‌ను పెన్‌డ్రైవు నుంచి నడిపి, నచ్చితేనే యంత్రంలో పెట్టుకునే సదుపాయం కూడా వుంది.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ముఖపరిచయం లేని ఈ మనుషులు అడక్కుండానే పెట్టి వెళ్ళారు. ఎండాకాలం చలివేంద్రంలో నీళ్ళు తాగినవాళ్ళం డబ్బులివ్వం. ఇవ్వబోతే తీసుకోరు కూడా. మరి ఆ ఋణం తీరేదెట్లా?

మావారే ఉపాయం చెప్పారు. “మీ నాన్నగారు పోగుచేసినవీ ఊరివాళ్ళ మాటలే కదా! ఊరికే ఇచ్చెయ్యరాదూ?” అన్నారు. తెలుగు విక్షనరీ అని, ఎవరైనా చదువుకోవడానికీ, ఎవరైనా మాటలు చేర్చడానికీ వీలున్న నిఘంటువు ఒకటుంది. రోజూ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక కూర్చుని, అందులో లేని మాటలు చూసి చేరుస్తున్నాను. నిన్న గొర్రు దగ్గర జడ్డిగం చేరింది. విత్తనాలు పోసే గిన్నెలాంటి భాగం అది. అందులో పోసిన గింజలు గొట్టాల్లోంచి జారి సాళ్ళలో పడతాయి. ఇవాళ మోట వంతు.