డైనోసార్లు పరుగెత్తిన లోయలో... డబ్బా మాంసం కథ!

‘జురాసిక్ పార్క్’ (1993) చూశారుగా? డైనోసార్ల మంద దూసుకొస్తుంటే హీరో, ఇద్దరు పిల్లలూ పడిపోయిన చెట్టుమాను చాటున నక్కుతారే... ఆ సీను తీసింది హవాయిలో, ఒవాహు దీవిలోని కువలోవా లోయలో. అక్కడి మాను దగ్గర ఫోటో దిగకుండా ఏ టూరిస్టూ కదలడు. పోయినేడు నేనూ దిగాను. దిగాక చూసుకుంటే... ఆకలి!

మా వ్యాను డ్రైవరు పెద్దాయన. జపాను సంతతి. తాత చెరకు తోటల్లో కూలికని వచ్చాడట. ఆయన దారిలో ఓ కొట్టు దగ్గర ఆపి, వెచ్చటి పొట్లం నా చేతిలో పెట్టాడు. అన్నం ముద్ద, దానిమీద సోయాసాసూ పంచదారా పట్టించి వేయించిన మాంసం ముక్క, చుట్టూ సముద్రపు నాచు పట్టీ.

“స్పామ్ ముసుబి. మా ఊరి తిండి” అన్నాడు గొప్పగా.

స్పామ్ అంటే డబ్బాలో వచ్చే పంది మాంసమండోయ్! 1937లో మిన్నెసోటాలోని హార్మెల్ కంపెనీ మొదలుపెట్టింది. ఫ్రిజ్ అక్కర్లేదు గనక రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంతో పాటు దేశదేశాలూ తిరిగింది. తినీ తినీ సైనికులే వెక్కిరించారు.

నేనూ ఊరుకోలేదు. “మీ ఊరిదేమిటండీ! అది మిలిటరీ సరుకు కదా!” అనేశాను.

పెద్దాయన ముఖం మారిపోయింది. కాసేపటికి మెల్లగా అన్నాడు.

“1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డాయి బాబూ. మర్నాటి నుంచీ మేం అనుమానపు మనుషులం! మా నాన్నది చేపల పడవ. అలాంటి పడవల్ని సముద్రం మీదికి పోనివ్వలేదు. చుట్టూ సముద్రం... ఇంట్లో చేప లేదు! అప్పుడు మా అమ్మకి దొరికింది ఈ డబ్బా. మా అన్నంతో, మా సాసుతో, మా నాచుతో కలిపి తిన్నాం. ఇంకా మాది కాదంటావా?”

నా నోరు మూతపడింది.

ఇవాళ హవాయిలో ఏటా సుమారు 70 లక్షల డబ్బాలు ఖర్చవుతాయట. జనాభా చూస్తే 14 లక్షలు! అక్కడి మెక్‌డొనాల్డ్స్‌లో కూడా స్పామ్, గుడ్లు, అన్నం కలిపి టిఫిను పెడతారు. వైకీకీలో ఏటా దీనికో పండుగ కూడానూ!

ఏదో ఒకటి చేసి ఆయన్ని మంచి చేసుకోవాలి కదా? సంచిలోంచి అమ్మ ఇచ్చిన ఆవకాయ సీసా తీశాను. ముసుబికి కాస్త అద్దుకుని తిన్నాడు. కళ్ళెమ్మట నీళ్ళు!

“ఇది మీ ఊరిదా?”

“అచ్చంగా మాదేనండీ!” అన్నాను ఛాతీ విరుచుకుని.

అన్నాక గుర్తొచ్చింది... మిరపకాయ మన దేశానికి పోర్చుగీసు ఓడల్లో వచ్చిందని!

ఆ మాట ఆయనకి చెప్పాను. పెద్దాయన పగలబడి నవ్వి, ఇంకో ముసుబి నా చేతిలో పెట్టాడు. ఈసారి మారుమాట్లాడకుండా తినేశాను.