ఘాటు లేని దగ్గు

మిరపకోతల కాలంలో మా వైపు దగ్గుకు ఎవరూ తల తిప్పి చూడరు. జనవరి చివర్లో కల్లాలు ఎర్రబడటం మొదలైతే ఏప్రిల్ దాకా ప్రత్తిపాడు, పెదనందిపాడు, చిలకలూరిపేట, పర్చూరు ఊళ్ళ మీద ఆ ఘాటు నిలబడే ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డు ముందు నుంచి బస్సు పోతుంటే కొంగో, రుమాలో ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. అంతకుముందు పత్తి తీతలు, జిన్నింగు మిల్లుల చుట్టూ గాలిలో తేలే నూగు. కళ్ళు నలుపుకున్నా, ముక్కు ఎగబీల్చినా, గొంతు గీరుకున్నా ఇక్కడ ఎందుకని అడిగేవాళ్ళుండరు. కారణం అందరికీ తెలిసిందే, అది గాలిలో ఉంది.

అందుకేనేమో, మా చెల్లెలి కొడుకు గొంతులోంచి వచ్చే చిన్న శబ్దాన్ని ఇంట్లో ఎవరమూ ప్రత్యేకంగా వినలేదు. అంతకుముందు ఒకటో తరగతిలో వాడు కళ్ళు టపటపా ఆర్పేవాడు. అలర్జీ అన్నారు, చుక్కలు వేశారు, తగ్గింది. తర్వాత భుజం ఎగరేయడం వచ్చింది. చొక్కా బిగుతైందని వదులుగా కుట్టించారు, అదీ పోయింది. ఆపైన మొదలైంది గొంతు. కరోనా భయం ఇంకా పూర్తిగా పోని రోజులు కావడంతో, దగ్గుతున్నాడని బడి నుంచి ఇంటికి పంపేసేవారు. సిరప్ తాగించారు. మా అమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. కొన్నాళ్ళకు అదీ నెమ్మదించింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలనిపిస్తుంది. చుక్కలకు పేరొచ్చింది, దర్జీకి పేరొచ్చింది, సిరప్‌కూ తాయెత్తుకూ పేరొచ్చింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. టిక్స్ అనే ఈ అసంకల్పిత కదలికల, శబ్దాల స్వభావమే అంత. కొన్ని వారాలు పెరుగుతాయి, కొన్ని వారాలు తగ్గుతాయి, ఒకటి మాయమై ఇంకోటి వస్తుంది. మరీ ఎక్కువైనప్పుడే కదా మనం మందుకో మంత్రానికో పరుగెత్తేది. పెరగాల్సినంత పెరిగాక ఏం చేసినా తగ్గినట్టే కనిపిస్తుంది. నమ్మకాలన్నీ ఇలాగే పుడతాయని నేననను. కానీ ఇలా పుట్టిన నమ్మకానికి ఒక చెడ్డ గుణం ఉంది. తగ్గితే మందు గొప్పతనం, తిరగబెడితే పిల్లవాడి మొండితనం.

ఆ ఏడాది మార్చి నాటికి గొంతు శబ్దం తిరగబెట్టింది, మెడ విదల్చడమూ తోడైంది. ఒక మధ్యాహ్నం మా కల్లంలో తాలు ఏరుతున్నారు. పట్టాల మీద తేజ రకం కాయలు పరిచి ఉన్నాయి. తెల్లబడిన తాలుకాయను ఎర్రకాయల్లోంచి వేరుచేయడమంటే చూపుకీ వేళ్ళకీ ఒకేసారి పని. ధ్యాస పక్కకు పోతే మంచి కాయ తాలులో పడుతుంది. వాడు అమ్మమ్మ పక్కన చేరి తనూ ఏరడం మొదలుపెట్టాడు. నేను వేపచెట్టు కింద మంచం మీద ఉన్నాను. చాలాసేపు ఆ శబ్దం లేదు. మెడ విదల్చలేదు. మధ్యలో ఒకసారి దగ్గాడు గానీ అది వేరే దగ్గు. ఘాటు పట్టి, ఒళ్ళు వంగిపోయి, కళ్ళలో నీళ్ళు తిరిగి, చెంబెడు నీళ్ళు తాగాక ఆగింది. ఏరడం ముగించి లేచి చేతులు దులుపుకున్నాడో లేదో, కళ్ళలో చెమ్మ లేకుండా, పొడిగా, కురచగా, ఎప్పటి స్థాయిలోనే ఆ గొంతు శబ్దం మళ్ళీ మొదలైంది.

కూలికొచ్చిన పెద్దామె ఒకావిడ వాణ్ణే చూస్తోంది. "చూశావా అయ్యా, పనిలో పెడితే ఏమీ లేదు. కావాలనే చేస్తన్నాడు" అంది.

ఆ మాటను కొట్టిపారేయడం నాకు తేలిక కాలేదు. ఆవిడ చూసింది నిజమే, నేనూ అదే చూశాను. ఆపగలిగినవాడు ఎప్పుడూ ఆపుకోవచ్చు కదా అన్నది మనలో ఎవరికైనా ముందుగా తోచే ఆలోచనే. పిల్లలను గద్దించే ప్రతి ఇంట్లోనూ, ప్రతి తరగతి గదిలోనూ దీని మీదే తీర్పులు జరుగుతాయి. 'మానెయ్' అంటే ఆ నిమిషం మానేస్తాడు. ఇంకేం సాక్ష్యం కావాలి?

సాయంత్రం వాణ్ణి బండి మీద ఇంటికి తీసుకొస్తూ అడిగాను. వాడు వెనక కూర్చున్నాడు. ఒకరి ముఖం ఒకరికి కనపడదు. బహుశా అందుకే నేను అడగగలిగాను, వాడు చెప్పగలిగాడు.

"గొంతులో మిరపగింజ అంటుకున్నట్టు ఉంటది మావయ్యా. అట్టా అంటే పోతది. మళ్ళీ వస్తది."

"అనకుండా ఉండలేవా?"

"ఉండొచ్చు. కానీ గింజ గురించే అనుకుంటా ఉండాల. అప్పుడు సారు చెప్పేది ఎక్కదు."

"మరి ఇందాక కల్లంలో?"

"అక్కడ గింజ గుర్తే రాలా."

ఇంటికొచ్చాక కూడా ఈ సమాధానం నన్ను వదల్లేదు. కల్లంలో వాడు ఆపుకోలేదు, మరిచిపోయాడు. తరగతిలో మరిచిపోవడం కుదరక ఆపుకుంటున్నాడు. బయటి నుంచి చూసేవాళ్ళకు రెండూ ఒకటే, శబ్దం లేకపోవడం. లోపల ఒకచోట వాడికి ఆటవిడుపు, ఇంకోచోట గొడ్డుచాకిరీ. వాడు నిశ్శబ్దంగా ఉన్న పూట బాగున్నాడని మనం సంతోషిస్తాం. ఆ నిశ్శబ్దం ఏ రకందో తెలుసుకోవాలంటే వాణ్ణి అడగడం తప్ప వేరే దారి నాకు కనిపించలేదు.

మే నెలలో యార్డుకు వేసవి సెలవులిచ్చారు. కల్లాలు ఖాళీ అయ్యాయి, తొలకరి పడింది, గాలి తేటపడింది. గొంతు శబ్దం మాత్రం అలాగే ఉంది. గాలి మీద నెట్టడానికి ఇక వీల్లేకపోయింది. గుంటూరులో పిల్లల నరాల డాక్టరు దగ్గరికి వెళితే అక్కడ వాడు ఒక్కసారీ ఆ శబ్దం చేయకుండా బుద్ధిగా కూర్చున్నాడు. మా చెల్లెలు ఫోన్‌లో తీసిన వీడియోలు చూపించాల్సి వచ్చింది. ఆయన అడిగినవి చిన్న చిన్న ప్రశ్నలు. నిద్రలో ఉంటుందా? ఆ సమయంలో పిలిస్తే పలుకుతాడా? కాసేపు ఆపుకోగలడా? మొట్టమొదట ఏది కనిపించింది? కళ్ళు ఆర్పడం అనగానే ఆయన తల ఊపారు. చాలామందిలో టిక్స్ కళ్ళతోనే మొదలవుతాయట, సాధారణంగా 4 నుంచి 6 ఏళ్ళ మధ్య. 10, 12 ఏళ్ళప్పుడు బాగా పెరిగి, ఆ తర్వాత ఎక్కువమందిలో తగ్గుముఖం పడతాయి. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. ఏడాది లోపు పోయేవి బోలెడు. ఒంటి కదలికలు కొన్నీ గొంతు శబ్దం కనీసం ఒకటీ కలిసి ఏడాది దాటితే టూరెట్ సిండ్రోమ్ అంటారు. స్కానింగు రాయలేదు. "మూర్ఛ కాదు, పిచ్చి కాదు, మీ పెంపకం కాదు" అన్నారు. మూడోమాటకు మా చెల్లెలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ మూడోమాట వెనక చాలా చరిత్ర ఉందని తర్వాత చదివి తెలుసుకున్నాను. 1825లోనే ఇటార్ అనే ఫ్రెంచి వైద్యుడు ఒక గొప్పింటి స్త్రీలో ఈ లక్షణాలు రాసిపెట్టాడు. 1885లో పారిస్‌లో నరాల వైద్యుడు షార్కో శిష్యుడు జిల్ ద లా టూరెట్ తొమ్మిదిమంది రోగుల గురించి ప్రచురించాక ఆయన పేరే స్థిరపడింది. ఆపైన దశాబ్దాల పాటు దీన్ని మనసులోని అణచివేతలకూ ఇంటి వాతావరణానికీ ముడిపెట్టారు. 1960ల్లో హాలోపెరిడాల్ అనే మందుకు టిక్స్ లొంగడం చూసి, ముఖ్యంగా 1968లో షపీరో అనే పరిశోధక దంపతులు రాసిన తర్వాత, సంగతి మెదడులో కదలికలను సర్దే భాగాలకు సంబంధించిందన్న వైపు ఆలోచన మళ్ళింది. అంతదాకా ఎంతమంది తల్లులు తమనే తాము తిట్టుకుని ఉంటారో. మన వీధుల్లో ఇప్పటికీ 1968 రాలేదనుకోండి, అది వేరే సంగతి.

ఈ జబ్బున్న టీచరు కథతో 2018లో 'హిచ్కీ' అనే హిందీ సినిమా వచ్చింది. వాడికి చూపించాం. "ఆ మేడమ్ సౌండు నాకంటే పెద్దది" అని నవ్వాడు. ఆ రాత్రి వాడి శబ్దం మాత్రం మామూలు కంటే పెరిగింది. టిక్స్ గురించి మాట్లాడినా, చూసినా పెరగడం మామూలేనట. మంచి చేద్దామని చేసినవీ ఇలా తిరగబడుతుంటాయి.

చాలామంది పిల్లలకు మందే అక్కర్లేదు. నొప్పి పుట్టినా, చదువుకు అడ్డమైనా, సిగ్గుతో పిల్లవాడు ముడుచుకుపోయినా క్లోనిడిన్ లాంటి మందులున్నాయి. వాటికంటే ముందు నేర్పదగినది ఒక శిక్షణ. గింజ తగిలినట్టు అనిపించగానే శబ్దం చేసే బదులు నోరు మూసి ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి వదలడం, మెడ విదల్చాలనిపిస్తే గడ్డాన్ని కాస్త కిందికి దించి బిగపట్టడం. 2010లో అమెరికాలో 126 మంది పిల్లల మీద పది వారాల పాటు దీన్ని పరీక్షిస్తే, శిక్షణ పొందినవారిలో సగానికి పైగా బాగా మెరుగయ్యారు, ఊరికే మంచిమాటలు చెప్పిన బృందంలో అయిదోవంతు కూడా కాలేదు. ఆపుకుంటే తర్వాత రెట్టింపై తన్నుకొస్తాయన్న భయానికి పరిశోధనల్లో పెద్దగా బలం దొరకలేదు. అయితే ఇది నేర్పే నిపుణులు మన జిల్లాల్లో అరుదు. మా వాడు సగం డాక్టరు దగ్గర, సగం ఇంట్లో తంటాలు పడి నేర్చుకున్నాడు. పూర్తిగా పోలేదు. పోవాలని ఇప్పుడెవరం పట్టుబట్టడం లేదు.

అన్నిటికంటే కష్టమైంది మాకు ఇచ్చిన మందు. టిక్‌ను పట్టించుకోకండి అన్నారు. మన ఇళ్ళల్లో ప్రేమంటే పట్టించుకోవడమే కదా. ఒళ్ళు వెచ్చబడితే నుదురు తాకుతాం, అన్నం తగ్గిస్తే అడుగుతాం. కన్నబిడ్డ మెడ విదలుస్తుంటే చూడకుండా ఉండమంటే ఎలా? "చూడకుండా ఎట్టా ఉంటాను అన్నయ్యా" అని చెల్లెలు అడిగింది. నా దగ్గర జవాబు లేదు. దారి చివరికి తనే కనిపెట్టుకుంది. వాడు మాట్లాడేటప్పుడు వాడి చేతుల వైపో, ముందున్న పుస్తకం వైపో చూస్తూ, మాటకు జవాబు చెబుతుంది, శబ్దానికి చెప్పదు. మా అమ్మకు ఇది ఇప్పటికీ రాలేదు. "గొంతు సవరించుకో నాయనా" అంటూనే ఉంటుంది. వాడు "సరే అమ్మమ్మా" అంటాడు. వాళ్ళిద్దరి మధ్య అది ఒక లాలనగా సర్దుకుపోయింది. అన్నిటినీ సరిదిద్దాలా అని నాకూ అనుమానమే.

బడిలో ఒక టీచరమ్మ చేసింది చిన్న పని. ఎక్కువైనట్టు కనిపిస్తే వాడి చేత స్టాఫ్ రూముకు రిజిస్టరు పంపిస్తుంది. వరండాలో రెండు నిమిషాలు గొంతు తీరా ఆ శబ్దం చేసుకుని తిరిగొస్తాడు. శిక్షలా కనిపించదు, దయలా కూడా కనిపించదు. ఆరో తరగతికి హాస్టల్లో వేద్దామన్న మాట వచ్చినప్పుడు ఆ స్టడీ అవర్లు తలుచుకుని మానుకున్నారు. వంద మంది నిశ్శబ్దంగా చదివే హాల్లో ఈ గింజతో పిల్లవాడు ఏం కావాలి?

మాకు డాక్టరు, ఫోను, ఏడేళ్ళుగా వాణ్ణి చూస్తున్న ఇల్లు ఉన్నాయి. టిక్స్‌ను గుర్తించడానికి కావలసింది యంత్రాలు కాదు, ఒకే పిల్లవాణ్ణి ఏడాది పాటు చూసిన కళ్ళు. 2013లో మొదలైన జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమం బృందాలు ఏడాదికోసారి బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. వాళ్ళు వెతకాల్సినవంటూ మొదట పెట్టిన 30 సమస్యల్లో టిక్స్ పేరు లేదు. పేరున్నా, ఆదోని వైపు నుంచి మిరపకోతలకు తల్లిదండ్రులతో పాటు లారీలెక్కి వచ్చి, ఉగాది దాకా చేల గట్ల మీద గుడారాల్లో ఉండే పిల్లలు ఆ రోజుకు ఏ బడిలో ఉంటారు?

పోయిన కోతల్లో అలాంటి గుడారం ముందు ఒక పాప కనిపించింది. కళ్ళు గట్టిగా మూసి తెరుస్తూ, ముక్కుతో చిన్నగా శబ్దం చేస్తూ. ఘాటేనేమో అనుకుని తల్లిని అడిగాను. ఊళ్ళో ఉన్నప్పుడూ ఉందట, పోయిన పత్తి తీతలప్పటి నుంచి. నేను డాక్టరును కాను, ఇది ఫలానా అని చెప్పలేదు. భర్త ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోమన్నాను. ఎవరితోనైనా మాట్లాడాలంటే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు చేస్తే తెలుగులోనే చెబుతారన్నాను. తిరిగి వెళ్ళాక కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించమన్నాను. ఖర్చు గురించో, పోయే కూలి గురించో అడుగుతుందనుకున్నాను.

"బస్సులో అంతసేపు ఇట్లనే చేస్తాంటే అందరూ చూస్తారు కదా సార్" అంది.

చూస్తారమ్మా అన్నాను. కిటికీ పక్కన కూర్చోబెట్టుకో, అడిగినవాళ్ళకు ఇది అంటుకునేది కాదు, అమ్మాయి కావాలని చేస్తున్నదీ కాదు అని ఒక్కమాట చెప్పు. ఆ ఒక్కమాటను ఆమె నా చేత ఇంకోసారి చెప్పించుకుంది.