నేలమీద విమానయానము

గాలిలో నెగురుట కన్నులకును చేతులకును సంబంధించిన విద్యయని లోకము తలంచును. అది చెవికిని నాలుకకును సంబంధించిన విద్యకూడ ననుట నాకు అమెరికా దేశమున నొక విమాన ప్రదర్శనమందు బోధపడినది. ఆ ముచ్చట మన కోనసీమ బాలబాలికలకు విన్నవింప నెంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2023 జూలై మాసమున మా కుమారుడు నన్ను విస్కాన్సిన్ రాష్ట్రమందలి ఓష్కోష్ అను పట్టణమునకు గొనిపోయెను. 1953లో పాల్ పొబెరెజ్నీగారు స్థాపించిన విమానప్రియుల సంఘము 1970 మొదలుకొని తన యుత్సవమును ఈ యూరనే జరపుచున్నది. మన జగ్గన్నతోట తీర్థమునకు పదునొకండు గ్రామముల ప్రభలు వచ్చును గదా. ఇచ్చటి తీర్థమునకు సుమారు 10,000 విమానములు ఆ ప్రాంతమునకు వచ్చి దిగును. రద్దీ యెంతయనగా, ఫిస్క్ అను పల్లెకడ నేలపై నిలిచిన అధికారులు విమానపు రంగును రూపమును జూచి, రేడియోలో దానిని బేర్కొని, “రెక్కలూపుము” అందురు. చోదకుడు నోరు మెదపక రెక్కలూపి తాను వింటినని తెలుపును.

ఆ ప్రదర్శనమున నన్ను మిక్కిలి యాకర్షించినది నేల విడువని విమానము. ఒక శాలలో విమానపు గదివంటి యంత్రములు వరుసగా నుండెను. ఎదుట తెరలపై కొండలు, మబ్బులు, దిగుదారులు కనబడును. ఈ విద్య క్రొత్తది కాదు. 1929లో ఎడ్విన్ లింక్ అను నతడు, తన తండ్రి వాద్యముల కర్మాగారమున నేర్చిన పనితనముతో, ఆర్గను తిత్తులనుపయోగించి ఇట్టి యంత్రమును నిర్మించెను. 1934లో టపా మోయు సైనిక చోదకులు పలువురు మరణింపగా, అమెరికా సైన్యము ఆ యంత్రములను ఆరింటిని కొనెను.

ఇచ్చటి వింత యేమన, ఆజ్ఞలిచ్చువారు యంత్రములు కారు, మనుష్యులు. ఎక్కడనో తమ బల్లలయొద్ద గూర్చుండి, అంతర్జాలముద్వారా ఈ బొమ్మవిమానములను గనుచు, నిజమైన గోపురమందలి అధికారులవలెనే మాటలాడుదురు. చోదకవిద్య నభ్యసించుచున్న మా కుమారుడు యంత్రమున గూర్చుండెను. “మూడువేల అడుగులకు దిగుము” అని యాజ్ఞ వచ్చెను. అతడు “రెండువేలు” అని తిరిగి చెప్పెను. తత్‌క్షణమే “కాదు, మూడువేలు” అని దిద్దుబాటు వినబడెను. తెరమీద మబ్బు విడిపోగా, క్రింద కొండ కనబడెను. మా వాని నుదుట చెమట పోసెను, నాకును పోసెను.

ఆజ్ఞను వినినవాడు తిరిగి పలుకవలెనను నియమము ప్రాణరక్షకము. అందులకే తొమ్మిదిని “నైనర్” అని యందురు, అయిదుతో కలిసిపోరాదు. 1977 మార్చి 27న టెనెరిఫే ద్వీపమున రెండు విమానములు నేలమీదనే ఢీకొని 583 మంది మరణించిరి. అనుమతి విషయమైన అపార్థము దానికి ముఖ్యకారణము. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీకడ ఆకాశమున రెండు విమానములు తాకి 349 మంది మడిసిరి. 15,000 అడుగుల ఎత్తున నుండుమన్న యాజ్ఞను మీరి యొక విమానము క్రిందికి దిగెను.

మన సీమకు ఆకాశపు దుఃఖము తెలియనిది కాదు. లోకసభాపతియు, అమలాపురము ప్రతినిధియు నగు బాలయోగిగారు 2002 మార్చి 3న హెలికాప్టరు కూలి మరణించిననాడు కోనసీమ యంతయు కన్నీరు గార్చెను. ప్రమాదములకు కారణము లనేకములు. అన్నింటిని అభ్యాసము మాన్పజాలదు. కాని నేలమీద జరిగిన తప్పు ఎవ్వరి ప్రాణమును గొనదు. తప్పి దిద్దుకొనుటకు తావిచ్చుటయే యీ యంత్రముల ఘనత.

విద్యార్థులారా! ఇట్టి యభ్యాసమునకు ఓష్కోష్ పోనక్కరలేదు. వాట్‌సిమ్ అను స్వచ్ఛంద వ్యవస్థ 2001 నుండి రుసుము లేకయే లోకమందలి వారి నిట్లు కలుపుచున్నది. గణనయంత్రమును, చెవి పరికరమును, తగు ప్రోగ్రామును గలవారు రాజోలునుండియైనను పాల్గొనవచ్చును. అదియు లేనివారికి తరగతి గది కలదు. ఉపాధ్యాయుడు చెప్పినది సావధానముగ వినుడు. వినినదానిని తిరిగి చెప్పుడు. సందేహమున్న సిగ్గుపడక “మరల చెప్పు”డని యడుగుడు. ఆ ప్రశ్న యడుగ నేర్చినవానికి ఆకాశమైనను తోవ యిచ్చును.