‘అభిలాష’: సాక్ష్యంలో ఒక ఏకారం

నేరపరిశోధన కథలలో సాధారణంగా రహస్యం పాఠకునికి తెలియదు. పరిశోధకునికి ముందుగా తెలుస్తుంది. ‘అభిలాష’లో ఈ క్రమం తారుమారైంది. యండమూరి వీరేంద్రనాథ్ నవల ఆధారంగా ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వంలో 1983 మార్చిలో విడుదలైన ఈ చిత్రంలో, బోనులో నిలబడిన వ్యక్తి హంతకుడు కాడని ప్రేక్షకునికి మొదటినుండీ తెలుసు. తెలియనిది న్యాయమూర్తికే. హత్య, విచారణ, తీర్పు అనే మూడంచెలలో ఈ చిత్రం మనల్ని నిలబెట్టిన చోటు అది. నా సిద్ధాంతవ్యాసంలో ఈ నవలను చర్చిస్తూ ఈ అంశాన్ని సాంకేతికమైన కథనవిశేషంగానే గుర్తించాను. దాని బరువు నాకు తెలిసింది మా ఇంటి అరుగు మీద.

కథానాయకుడు చిరంజీవి యువ న్యాయవాది. తండ్రి చేయని నేరానికి ఉరికంబమెక్కాడు. భారత శిక్షాస్మృతి 302వ సెక్షన్ నుండి మరణశిక్షను తొలగింపజేయడమే అతని అభిలాష. నిరపరాధికి ఉరిశిక్ష పడగలదని నిరూపించడానికి, సాక్ష్యాలను తానే కల్పించి, తానే ముద్దాయిగా నిలుస్తాడు. దిక్కులేని శవమొకటి ఆ నాటకానికి సాధనం. కాని ఆ శవం నిజంగానే హత్యకు గురైన స్త్రీది. నిజం తెలిసిన సర్వోత్తమరావు (గొల్లపూడి మారుతీరావు) ప్రమాదానికి గురై, చెప్పవలసిన వేళకు చెప్పలేని స్థితిలో పడతాడు. కల్పించిన సాక్ష్యం అసలు సాక్ష్యమంత చక్కగా అతుకుతుంది. ఈ చిత్రంలోని భయమంతా ఆ అతుకులోనే ఉంది.

ఈ ప్రశ్న ఆనాడు తెరకే పరిమితమైనది కాదు. 1980లో బచన్ సింగ్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం మరణశిక్షను సమర్థిస్తూనే, అత్యంత అరుదైన సందర్భాలకు దానిని పరిమితం చేసింది. అయిదుగురిలో విభేదించిన ఏకైక న్యాయమూర్తి పి.ఎన్. భగవతి తమ కారణాలను 1982 ఆగస్టులో వెలువరించారు. న్యాయనిర్ణయంలో పొరపాటుకు గల అవకాశం వాటిలో ఒకటి. ‘అభిలాష’ విడుదలై నెల తిరగకముందే, 1983 ఏప్రిల్ 7న, మిఠ్ఠూ కేసులో అదే న్యాయస్థానం 303వ సెక్షన్‌ను కొట్టివేసింది. జీవితఖైదు అనుభవిస్తూ హత్య చేసినవారికి ఉరి తప్ప వేరు శిక్ష లేదన్న సెక్షన్ అది. ఆ ధర్మాసనంలో మన ఒ. చిన్నపరెడ్డి ఉన్నారు. మరుసటి ఏడు, 1984లో, శరద్ బిర్ధిచంద్ సారదా కేసులో పరిస్థితిజన్య సాక్ష్యానికి అయిదు నియమాలు ఏర్పడ్డాయి. వాటిలో మొదటిది భాషావిద్యార్థిని ఆపి ఆలోచింపజేస్తుంది: ‘నేరస్థుడై ఉండవచ్చు’ వేరు, ‘నేరస్థుడై తీరాలి’ వేరు, మొదటిది ఎంత బలంగా ఉన్నా రెండవదిగా మారదు.

మా ఇల్లు గోపాలపట్నంలో, సింహాచలం రైల్వేస్టేషనుకు నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉంది. టీవీలో ఈ చిత్రం వచ్చినప్పుడల్లా, ఇళయరాజా పాటలు సాగినంతసేపూ కూనిరాగం తీసే మా నాన్న, కోర్టు దృశ్యం మొదలవగానే లేచి అరుగు మీదికి వెళ్ళిపోయేవారు. అది సినిమా మీద విసుగనుకున్నాను. అధ్యాయం రాస్తున్న రోజుల్లో కారణమడిగాను.

నేను నాలుగవ తరగతి చదువుతున్నప్పుడు ఒక హత్యకేసులో ఆయన సాక్షి. రాత్రి డ్యూటీ దిగి వస్తుండగా, సందులోంచి ఒక మనిషి పరుగెత్తిపోవడం చూశారు. కోర్టులో బోనులోని వ్యక్తిని చూపి అడిగారు. నాన్న తెలుగులో చెప్పినదాన్ని ఇంగ్లీషులో నమోదు చేశారు.

“ఆడిలాగున్నాడని సెప్పినానమ్మా. ఆడేనని అనలేదు” అన్నారు నాన్న.

వాంగ్మూలాన్ని తెలుగులో చదివి వినిపించినప్పుడు ‘లాగ’ పోయి ‘ఏ’ చేరడం తమ చెవిన పడిందట. అంతమంది పెద్దల ముందు దిద్దమనడానికి నోరు రాక సంతకం చేశారట. ముద్దాయికి జీవితఖైదు పడింది. కొంతసేపటికి తనలో తాను అనుకుంటున్నట్లు, “ఆడే అయ్యుండొచ్చు కూడా” అన్నారు. ఇన్నేళ్ళుగా ఆయన ఆ ‘వచ్చు’ దగ్గరే ఉన్నారు.

తెలుగు వ్యాకరణం ఈ తేడాలను ఎంతో జాగ్రత్తగా చూపుతుంది. ‘చంపాడు’ అంటే వక్త బాధ్యత వహిస్తున్నాడు. ‘చంపాడట’ అంటే విన్నమాట. ‘వాడిలాగ’ పోలిక, ‘వాడే’లోని ఏకారం అవధారణార్థకం. తరగతిలో దీనికి ఉదాహరణలు రాసుకున్నాను. అవధారణ అంటే ఒక మనిషిని తక్కినవారందరి నుండి విడదీసి నిలబెట్టడమని అప్పుడు తోచలేదు.

ఆ రాత్రి నా అధ్యాయాన్ని తిరిగి చదివాను. అమెరికాలో 1956లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘బియాండ్ ఎ రీజనబుల్ డౌట్’ చిత్రంలోనూ ఒక రచయిత మరణశిక్షలోని లోపాన్ని చూపడానికి తనపై తానే సాక్ష్యాలు కల్పించుకుంటాడు. నిజమెరిగిన పెద్దమనిషి కారు ప్రమాదంలో మరణిస్తాడు. ఈ పోలికను చూసి ‘అభిలాష నవలకు మూలం ఈ చిత్రమే’ అని రాశాను. మా పర్యవేక్షకులు అంచున ‘ఆధారం?’ అని రాసి పంపారు. పోలికకు మించి నేను చూపిన పత్రం ఒక్కటీ లేదు. పైగా, లాంగ్ చిత్రంలో రచయిత చివరికి నిజమైన హంతకుడని తేలుతుంది. మన చిత్రంలో నాయకుడు నిరపరాధి. కల్పిత సాక్ష్యం అక్కడ నేరానికి ముసుగు, ఇక్కడ న్యాయానికి పరీక్ష. ఒకే కథాచట్రం రెండు భిన్నమైన వాదాలను మోస్తున్నదన్న సంగతి నా ఏకారం చాటున కనబడకుండా పోయింది.

వాక్యాన్ని కొట్టివేసి, ‘ఈ చిత్రంతో నవలకు కథాసంవిధానంలో దగ్గరి పోలిక ఉంది’ అని రాశాను. నా వాక్యాన్ని దిద్దుకోవడానికి ఒక గీత చాలింది.

2024 జూలై 1 నుండి 302వ సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో 103గా మారింది. అంకె మారింది గాని మరణశిక్ష అలాగే ఉంది. నాయకుని అభిలాష ఇంకా తీరలేదు. మొన్న ఆదివారం టీవీలో ఆ చిత్రం మళ్ళీ వచ్చింది. కోర్టు దృశ్యం రాగానే నాన్న లేచారు. ఈసారి నేనూ లేచి, అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాను.