దారానికి కట్టిన పెన్సిల్

సెప్టెంబరు 11, 2024

విజయవాడ సింగ్ నగర్‌లో అత్తయ్య ఇంట్లోకి ఇవాళ అడుగు పెట్టగలిగాం. బుడమేరు వాగు ఒకటో తారీకున పొంగింది. నీళ్లు తీశాయి, బురద ఉండిపోయింది. హాలు గోడ మీద నా భుజం ఎత్తున మట్టి గీత. మంచం కింది ట్రంకుపెట్టెను ఇద్దరం లాగితే గానీ కదల్లేదు. పట్టుచీరల కింద, పాస్‌బుక్కుల కింద అది కనిపించింది: పెద్దనాన్న 1978లో డ్రాయింగ్ షీటు మీద రాసిన మా వంశవృక్షం.

దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. ఆ రాత్రి అక్కడి మా ఊళ్లో పెద్దవాళ్లు పోయారు. వాళ్లతోపాటే ఇళ్లలోని కాగితాలూ పోయాయి. మిగిలినవాళ్లకు జ్ఞాపకం ఉండగానే పేర్లు రాసిపెట్టాలని పెద్దనాన్న ఆ షీటు చంకన పెట్టుకుని బంధువుల ఇళ్లన్నీ తిరిగారు. ఆ కాగితమే నలభై ఆరేళ్లకు నీళ్లలో నానింది.

సెప్టెంబరు 12

పదేళ్ల కిందట తమ్ముడు దానికి లామినేషన్ చేయించాడు. కలకాలం ఉంటుందని ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నాం. ఆ తర్వాత పెట్టెలో పట్టక నాలుగు మడతలు వేశాం. మడతల దగ్గర ప్లాస్టిక్ చిట్లింది. వరదనీరు ఆ చీలికల్లోంచి లోపలికి పోయింది, బయటికి రాలేకపోయింది. వట్టి కాగితమైతే ఫ్యాను కింద ఆరేది. ఇది ప్లాస్టిక్ లోపలే నాని బూజు పట్టింది.

తడిసిన కాగితానికి ఉన్న గడువు రెండు రోజులే. ఆపైన బూజు మొదలవుతుంది. ఆరబెట్టే వీలు లేకపోతే కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచాలి, అక్కడ బూజు పెరగదు. మేం ఇంట్లోకి వెళ్లేసరికి ఆ గడువు ఎప్పుడో దాటింది. ముందు ఫోటోలు తీశాను. తర్వాత అంచులు కత్తిరించి, ప్లాస్టిక్ దానంతట అది వదులైన చోట మాత్రమే ఎత్తి, కిందా పైనా తెల్ల కాగితాలు పరిచాను. న్యూస్ పేపరు పెడితే దాని ఇంకు దీనికి అంటుకుంటుంది. ఎండలో పెట్టలేదు, తుడవలేదు. బూజును కాగితం పూర్తిగా ఆరాకే, మాస్కు కట్టుకుని, మెత్తటి కుంచెతో దులపాలి.

సెప్టెంబరు 14

షీటు ఆరింది. కిటికీ దగ్గర పరిచి చూశాను.

పెద్దనాన్న ఫౌంటెన్ పెన్నుతో, రాయల్ బ్లూ ఇంకుతో రాశారు. తెలుగు పండితుడి దస్తూరి, అచ్చు వేసినట్టుండేది. ఇప్పుడు కింది సగంలో ఆ పేర్లు లేవు. నీలిరంగు మబ్బులా పాకి ఉంది. ఆ నీలంలో అక్కడక్కడ మాత్రం బూడిద రంగు అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వంకర టింకరగా, చిన్నగా. అన్నీ ఆడవాళ్ల పేర్లు.

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. "అవి నేను రాసినవేనే. అన్నయ్య 'ఆడపిల్లలు ఇద్దరు' అని రాసి వదిలేస్తే, ఆయన లేనప్పుడు పక్కన పేర్లు రాశా."

"పెన్సిల్‌తో ఎందుకు అత్తయ్యా?"

"పెన్ను అన్నయ్యది. తప్పు రాస్తే కాగితం పాడైపోతుందేమోనని."

ఇంకులో ఉండేది నీళ్లలో కరిగే రంగు. పెన్సిల్‌లో ఉండేది గ్రాఫైట్, అంటే కార్బన్. అది నీళ్లకు కరగదు, వెలుతురుకు వెలవదు. అత్తయ్య పేరు, మా అక్క పేరు, నా పేరు పెన్సిల్‌వే. అవి ఉన్నాయి.

సెప్టెంబరు 17

రాత్రి లైట్లన్నీ ఆపి, ప్లాస్టిక్ ఊడిన భాగం మీద టార్చి వేశాను. పైనుంచి కాదు, కాగితానికి ఆనించినంత కిందుగా, పక్కనుంచి. పాళీ నొక్కుకుపోయిన గాట్లు నీడలై కనబడ్డాయి. రంగు పోయినా ఒత్తు పోలేదు. ఆయన 'రా'కి దీర్ఘం గట్టిగా లాగుతారు. ఆ లాగుడును బట్టి మూడు పేర్లు పోల్చుకున్నాం. రెండు గంటల్లో పద్నాలుగు పేర్లు దొరికాయి. అత్తయ్య చదివింది, నేను రాసుకున్నాను. పెన్సిల్‌తోనే.

సెప్టెంబరు 25

మిగతా పేర్ల కోసం ఇంట్లో ఉన్నవన్నీ బయటికి తీశాం. పాత శుభలేఖలంత పనికొచ్చినవి మరేవీ లేవు. వధూవరుల తాతల పేర్లు, ఊరు, తేదీ ఒక్కచోటే ఉంటాయి. 1961 నాటి భాగ పరిష్కార దస్తావేజులో అన్నదమ్ముల వరస దొరికింది, అక్కచెల్లెళ్లు దొరకలేదు. వాళ్లకోసం పెళ్లి ఫోటోల వెనక రాతలు చూశాం, మేనత్తలకు ఫోన్లు చేశాం.

ప్రతివారికీ ఒక అంకె ఇస్తున్నాను. మూలపురుషుడి దంపతులు 1. వాళ్ల మూడో సంతానం 1.3. ఆ మూడో సంతానానికి రెండో బిడ్డ 1.3.2. మాలో తాత పేరు మనవడికి పెడతారు కాబట్టి తరం విడిచి తరం అదే పేరు వస్తుంది. పేరు ఒకటైనా అంకె వేరు. ఆడా మగా అని చూడకుండా పుట్టిన వరసలోనే అంకెలు వేస్తున్నాను.

అక్టోబరు 2

మహాలయ అమావాస్య. తమ్ముడు తర్పణం వదిలాడు. నాన్న, తాతయ్య, ముత్తాత, అమ్మ, నానమ్మ, ముత్తవ్వ, మాతామహులు. మంత్రం ప్రధానంగా అడిగేది మూడు తరాలే. మహాలయంలో పెదనాన్నలు, మేనత్తలు, మేనమామలు, అక్కచెల్లెళ్లు, స్నేహితులు కూడా వస్తారు. ఏటా ఆ చోటికి వచ్చేసరికి తడుముకునేవాళ్లం. ఈసారి నా జాబితా ముందు పెట్టాను. పురోహితుడుగారు ఒక్కొక్క పేరూ నిదానంగా పలికించారు. 1977లో పోయిన మా పిన్నమ్మమ్మ పేరు నా జ్ఞాపకంలో మా ఇంట్లో మొదటిసారి వినిపించింది.

వరంగల్ వదిన ఫోన్ చేసింది. "ఇయ్యాల మాకు పెత్రమాస, ఎంగిలిపూల బతుకమ్మ గూడ. పెద్దలకు బియ్యమిచ్చినం. మా పుట్టింటోళ్ల పేర్లు గూడ రాస్తవా?"

రాస్తాను వదినా. కోడళ్లు వచ్చిన చోట గీత ఆగిపోతే అది సగం చెట్టే. ప్రతి కోడలి పేరు కింద ఆమె పుట్టింటి ఇంటిపేరు, ఊరు రాస్తున్నాను.

అక్టోబరు 19

బయట దొరికే వంశవృక్షం నమూనాలు మా ఇళ్లకు సరిపడవు. వాటిలో కొమ్మలు విడిపోతాయే గానీ కలవవు. మాలో మేనరికాలు ఎక్కువ. అమ్మమ్మ తమ్ముడు అమ్మమ్మ పెద్దకూతుర్ని చేసుకున్నాడు. ఆయన ఒక కొమ్మన కొడుకు, ఇంకో కొమ్మన అల్లుడు. రెండుచోట్లా పూర్తిగా రాస్తే ఇద్దరు మనుషులనుకుంటారు. ఒక్కచోటే రాసి గీత లాగితే షీటంతా సాలెగూడవుతుంది.

చివరికి ఇలా అనుకున్నాం. ఎవరినైనా పూర్తి వివరాలతో ఒక్కచోటే రాయాలి. రెండోచోట పేరు, అంకె చాలు. మేనరికానికి జంట గీత. దత్తతకు చుక్కల గీత, జన్మనిచ్చిన ఇల్లూ పెంచుకున్న ఇల్లూ రెండూ కనబడేలా. ఈ గుర్తుల అర్థం షీటు మూలన రాయాలి. యాభై ఏళ్ల తర్వాత చూసేవాళ్లకు చెప్పడానికి మేం ఉండం.

నవంబరు 8

డీటీపీ షాపుకు వెళ్లాను. పాత ఫాంట్లలో టైపు చేస్తే ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అక్షరాలు పిచ్చిగీతలైపోతాయి. అందుకని పేర్లన్నీ ఇంట్లోనే యూనికోడ్‌లో కొట్టుకుని తీసుకెళ్లాను. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లోకి తేగానే ఒత్తులు విడిపోయాయి. 'లక్ష్మి'లో 'క్ష్మి' మూడు ముక్కలైంది. షాపు అబ్బాయి ఓపికగా సెట్టింగు మార్చి సరిచేశాడు. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంటు అందులోనే ఇమిడిపోవాలని చెప్పాను. తర్వాత ఒక్కొక్క పేరూ గట్టిగా చదివి చూసుకున్నాం, 212 పేర్లు.

ఫాంటు 'మండలి'. ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంటు. 1975లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావుగారి పేరు మీద వచ్చింది. ఆయనది మా దివిసీమే. ఉప్పెన తర్వాత అక్కడి జనాన్ని నిలబెట్టడానికి పాటుపడిన మనిషి. ఆ పేరున్న అక్షరాల్లో మా ఊరివాళ్ల పేర్లు రావడం నాకు బాగుంది.

నవంబరు 16

ఫ్లెక్సీ వేయిస్తే చవక అన్నారు. ఫ్లెక్సీ ఎండకు వెలుస్తుంది, కొన్నేళ్లకు పెళుసెక్కుతుంది. ఒక్కరోజు పందిట్లో కట్టడానికి పనికొస్తుంది, ఇంటికి పనికిరాదు.

ఇళ్ల ప్లాన్లు ప్రింటు తీసే షాపుకు వెళ్లాం. వాళ్ల దగ్గర ఏ0 సైజు వస్తుంది, 841 మిల్లీమీటర్లకు 1189. ఏ4 కాగితాలు పదహారు పరిచినంత. ముందు చిన్నముక్క మీద నాలుగు పేర్లు తీయించాను. ఆరనిచ్చి, వేలు తడిచేసి ఒక పేరు మీద పెట్టి అలాగే ఉంచాను. షాపతను నా వైపే చూస్తున్నాడు. వేలు తీస్తే కొసన నీలం అంటింది. అది డై ఇంకు. పిగ్మెంట్ ఇంకు ఉన్న ఇంకో మిషన్ మీద మళ్లీ తీశాడు. మళ్లీ వేలు పెట్టాను. ఈసారి వేలికి నీళ్లే ఉన్నాయి.

నవంబరు 19

ఉప్పెన వచ్చిన రోజు. దీపం పెట్టాం. అత్తయ్య ఆ రాత్రి సంగతి చెప్పమంటే ఎప్పుడూ చెప్పదు. ఇవాళ పేర్లు చెప్పింది, అంతే. వయసులతో సహా.

డిసెంబరు 6

వదినకు కొత్త షీటు ఫోటో పంపితే, "దీన్ని మడత వెట్టకు, చేర్యాల పటం లెక్క చుట్టు" అంది. వాళ్ల వైపు కాకిపడగల వాళ్లు ముదిరాజులకు, కూనపులి వాళ్లు పద్మశాలీలకు కులపురాణం చెప్పేటప్పుడు పటం కొద్దికొద్దిగా విప్పుతూ ఒక్కో గడిలోని బొమ్మ చూపిస్తారు. గుడ్డకు చింతగింజల గంజి, తెల్లసుద్ద పట్టించి గీస్తారు. వాడేదీ దాచేదీ ఆ చుట్టే.

మా కాగితం చిట్లింది మడతల దగ్గరే కాబట్టి వదిన మాట పట్టుకున్నాను. నూలుగుజ్జుతో చేసిన, ఆమ్లం లేని కాగితం మీద ఒక ప్రతి తీయించి, లావుపాటి గొట్టానికి వదులుగా చుట్టి, పైన ఉతికిన నూలుగుడ్డ కట్టాను. న్యూస్ పేపరు ఏడాదికే పచ్చబడేది దాని గుజ్జులోని లిగ్నిన్ వల్ల. ఆ గుణం ఈ కాగితానికి లేదు. గొట్టం అటక మీదికి వెళ్లదు, అక్కడ వేడి. నేల మీదికీ వెళ్లదు. బీరువాలో పై అర.

పెద్దనాన్న షీటును మాత్రం మడత విప్పి, రెండు అట్టల మధ్య అలాగే పడుకోబెట్టాను. ప్లాస్టిక్ పూర్తిగా తీసే పని నా చేతులది కాదు, నేర్చినవాళ్లది.

డిసెంబరు 22

కంప్యూటర్ ప్రతి. గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెలుగులోనే పేర్లు ఎక్కించి, జెడ్‌కామ్ ఫైలుగా కూడా దాచాను. వంశవృక్షాల కోసం 1984 నుంచి ఉన్న పద్ధతి అది. వట్టి అక్షరాల ఫైలు, ఏ సాఫ్ట్‌వేర్ పోయినా ఇంకోదాంట్లో తెరుచుకుంటుంది. ఒకటి నా దగ్గర, ఒకటి తమ్ముడి దగ్గర హార్డ్‌డిస్క్‌లో, ఒకటి అమెరికాలో చెల్లెలి దగ్గర. ఒకే వరదకు మూడూ పోకూడదు.

బంధువుల గ్రూపులో పెట్టిన దాంట్లో బతికున్నవాళ్ల పుట్టినతేదీలు తీసేశాను, సంవత్సరం మాత్రం ఉంచాను. వాట్సాప్‌లో ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపాను. ఫోటోగా వెళ్తే సన్న అక్షరాలు అలికేసినట్టవుతాయి.

జనవరి 15, 2025

కనుమ. అందరూ అత్తయ్య ఇంటికే వచ్చారు. గోడలకు కొత్త సున్నం, మట్టిగీత కనబడటం లేదు.

పెద్ద షీటును హాల్లో లోపలి గోడకు పెట్టాం, పడమటి ఎండ తగలని చోట. తమ్ముడు అద్దం ఫ్రేము కట్టిద్దామన్నాడు. వద్దన్నాను. భద్రంగా ఉండాల్సింది బీరువాలో చుట్టి ఉంది. గోడ మీది దాని పని వేరు. ప్రతి గడి పక్కనా, అడుగునా ఖాళీ వదిలించింది అందుకే. నిలబడి రాయగలిగే ఎత్తులో కట్టి, పక్కన మేకుకు దారం వేసి పెన్సిల్ వేలాడదీశాను.

మొదట పిల్లలు చేరారు. వేలితో తమ పేరు నుంచి పైకి గీత వెంట వెళ్లి ఎక్కడ కలుస్తున్నామో చూసుకున్నారు. భోజనాలయ్యాక పెద్దవాళ్లు వచ్చారు. చినమామయ్య ఒక ఊరిపేరు దిద్దారు. ఒకావిడ, 1.4 వాళ్ల కోడలు, చాలాసేపు నిలబడి, "మా పెద్దదానికంటే ముందు ఒక పాప. పదకొండో రోజు కూడా రాలేదు, పేరు పెట్టలేదు" అంది. ఆమె అడగలేదు, నేనే పెన్సిల్ చేతికిచ్చాను. మొదటి గడికి ముందున్న ఖాళీలో 'పాప, 1969' అని రాసింది.

అంకెలన్నీ ఒకటి జరగాలి. జరుపుతాను.

సాయంత్రానికి ఇరవై మూడు దిద్దుబాట్లు. దిద్దిన షీటు ఫోటో తీసి తమ్ముడికి, చెల్లెలికి పంపాను. వచ్చే సంక్రాంతికి ఇవన్నీ అచ్చులో ఎక్కించి కొత్త షీటు వేయించాలి, దానికీ ఖాళీలు వదలాలి. వెళ్లేముందు అత్తయ్య పెన్సిల్ మొన అరిగిందని చూసి, చెక్కి, మళ్లీ దారానికి కట్టింది.