లింగంపల్లి గుండ్లు, ఒక బొమ్మల పుస్తకము

వేసవి సెలవులకు మా మనుమరాలు శేరిలింగంపల్లికి వచ్చినది. ఎనిమిదేండ్ల పిల్ల. తెలుగు మాటలాడును గాని చదువనేరదు. నేను ఇనుపపెట్టె సర్దుచుండగా, మా అత్తగారు కుట్టించి దాచిన చందమామల బైండు అడుగున దొరికినది. చెదలు అంచులను మాత్రమే తినినవి. పిల్ల దానిని ఒడిలో నుంచుకొని ప్రొద్దు క్రుంకువరకు కదలలేదు. శవమును భుజమున వేసికొని కత్తిదూసి నడచు విక్రమార్కుని చూచి, కథయంతయు తానే కల్పించుకొని చెప్పినది.

ఆ బొమ్మ శంకర్ గారిది. 1947 జూలైలో మదరాసున నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ప్రారంభించిన ఆ పత్రికలో వారు, చిత్రాగారు, వడ్డాది పాపయ్యగారు వేసిన బొమ్మలే చదువురాని పిల్లలకు కథలు. పత్రిక నేడు వెలువడుటలేదు. 12 సంచికలను చేర్చి కుట్టించుట ఆనాటి యిండ్ల వాడుక. మా అత్తగారు అట్టకు పాతచీర యంచు అంటించినారు. అదియు నొక చేతిపనియని నాకిన్నాళ్లు తోచలేదు.

"అమ్మమ్మా, మన గుండ్లకు కథ లేదా?" అని పిల్ల యడిగినది.

మా యింటి వెనుక ఒకదానిపై నొకటి నిలిచిన రెండు గుండ్లుండెడివి. ఈ ప్రాంతపు రాతికి ఇంచుమించు 250 కోట్ల యేండ్ల వయస్సు. పగుళ్లవెంట నీరు దిగి, రాయి అరిగి, పైమట్టి కొట్టుకొనిపోగా ఇట్టి గుండ్లు మిగిలినవి. వానిని పగులగొట్టి మేడ కట్టుదురని అప్పటికే వినియుంటిమి.

మరునాడు లింగంపల్లిలో రైలెక్కి, చందానగరు, హఫీజుపేట దాటి హైటెక్ సిటీ స్టేషనున దిగి, ఆటోలో మాదాపూరు శిల్పారామమునకు పోయితిమి. చుట్టును అద్దాల మేడలు. నడుమ చెట్లు, చేతిపనుల దుకాణములు. అచట చేర్యాల పటములు చూచితిమి. నకాషీలు ఖద్దరుగుడ్డకు గంజియు, సుద్దయు, చింతగింజల జిగురును పూసి, ఎఱ్ఱని నేలమీద కథను వరుసలుగా వ్రాయుదురు. కథకులు పటము విప్పుచు ఊరూర పాడెడివారు. ఇప్పుడు గోడకు తగిలించు చిన్నముక్కలే యెక్కువ. పనివాండ్రు బ్రతుకవలెను గదా. అయినను ఒంటిబొమ్మ, పుస్తకమునుండి చింపిన కాగితమువలె నాకు కనబడినది.

ఇంటికి వచ్చి దళసరి కాగితములను విసనకఱ్ఱవలె మడచి, ఒకదాని కొకటి అతికితిమి. సోదరీమణులు చేయదలచిన యెడల, చింతగింజలను నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగ రుబ్బి, నీటిలో ఉడికించి వడియగట్టవలెను. పురుగు పట్టకుండ పుస్తకములు కుట్టువారు జిగురులో మైలుతుత్తము వేయుదురు. అది విషము, పిల్ల చేయి తగులునని నేను వేయలేదు. మొదటి జిగురు రెండునాళ్లలో పులిసిపోయినది. పిదప ఏనాటి కానాడే కాచితిని.

ఏడవ మడత ఖాళీగా నుండగనే యంత్రములు వచ్చినవి. మూడు దినములలో గుండ్లు కంకరయైనవి. పిల్ల యేడ్వలేదు. పనివారిని అడిగి పిడికెడు రాతిపొడి తెచ్చి, జిగురులో కలిపి, ఆ మడతమీద రెండు గుండ్లుగా అద్దినది. చేతికి గరుకుగ తగులును. దానిక్రింద, నేను పలకమీద వ్రాసియిచ్చిన "గుండు" అను మాటను చూచి చూచి, తానే వ్రాసినది.